ప్యానెల్‌లో మొదటి పేరు

జిల్లా విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నేను ధర్మవరం డివిజన్‌కు ఉప విద్యాశాఖాధికారిగా పనిచేస్తున్నాను. వాడుకలో ఆ పోస్టును డిప్యూటీ ఈఓ అంటారు. మండల విద్యాధికారులకు పైన, జిల్లా విద్యాశాఖాధికారికి కింద ఉండే మెట్టు అది. పదో తరగతి ఫలితాలు వచ్చి, బడులకు సెలవులిచ్చి, ఆఫీసు కాస్త తెరిపిన పడిన రోజులు. ఒక గురువారం ఉదయం పుట్టపర్తి నుంచి జిల్లా కార్యాలయం సూపరింటెండెంటు స్వయంగా వచ్చి, లక్కతో సీలు వేసిన కవరొకటి నా చేతికిచ్చి సంతకం తీసుకున్నారు. మామూలు తపాలా ఆయన మోసుకు రారు. విషయం చిన్నది కాదని అప్పుడే అర్థమైంది.

కవర్లో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఫిర్యాదు నకలు. రెండోది, దాని మీద ప్రాథమిక విచారణ జరిపి సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలలోపు నివేదిక పంపమని నాకు ఉత్తర్వు. ఫిర్యాదు విశ్వనాథం గారి మీద. ఆయన అప్పటికి రాజధానిలో జాయింట్ డైరెక్టరు. రాష్ట్ర బోర్డు కార్యదర్శి పదవికి తయారైన ప్యానెల్‌లో మొదటి పేరు ఆయనదే.

బయటివాళ్లకు బోర్డంటే హాల్ టికెట్టు, మార్కుల జాబితా. ఆ జాబితా కింద సంతకం ఎవరిదో, ఆ మనిషిని ఎవరు ఎలా ఎంచుతారో పట్టించుకునేవాళ్లు తక్కువ. నేను చెబుతున్న బోర్డు పేరు రాయను, పద్ధతి మాత్రం చెబుతాను. కార్యదర్శి పదవిని ప్రభుత్వం రెండు దారుల్లో నింపేది. అఖిల భారత సర్వీసు అధికారిని పంపడం ఒకటి. శాఖలోనే కింది నుంచి ఎదిగిన జాయింట్ డైరెక్టర్లలో ఒకరికి పదోన్నతి ఇవ్వడం రెండోది. ఆ ఏడాది రెండో దారికి ప్రభుత్వం ఒప్పుకుంది. అలాంటప్పుడు సీనియారిటీ ప్రకారం ముగ్గురి పేర్లు పదోన్నతుల కమిటీ ముందుకు వెళ్తాయి. ఆ కమిటీని డీపీసీ అంటారు. పై అధికారులు ఏటా రాసిన రహస్య నివేదికలు చూస్తారు, విజిలెన్స్ అభ్యంతరం ఏమైనా ఉందా అని అడుగుతారు. ఏమీ లేకపోతే మొదటి పేరే ఖాయం.

ఉంటేనే చిక్కు. నిబంధన ప్రకారం అభియోగ పత్రం ఇచ్చిన అధికారి విషయంలోనే కమిటీ తన అభిప్రాయాన్ని సీల్డ్ కవర్లో పెట్టి పక్కన ఉంచాలి. ఆచరణలో అంత దూరం అక్కర్లేదు. ‘విచారణ పెండింగ్’ అన్న రెండు మాటలు ఫైలు మీద ఉంటే చాలు, కమిటీ రెండో పేరుకు వెళ్లిపోతుంది. అందుకే పెద్ద పదవి ఖాళీ అయినప్పుడల్లా, కమిటీ కూర్చోబోయే ముందు వారంలో ఎక్కడి నుంచో ఒక అర్జీ వస్తుంది. కమిటీ సోమవారం మూడు గంటలకు కూర్చుంటోంది. విశ్వనాథం గారికి మిగిలి ఉన్న సర్వీసును బట్టి ఆయనకు అదే చివరి అవకాశం. నా నివేదిక అందకపోతే ఆయన పని అయిపోయినట్టే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను మండల విద్యాధికారిగా ఉన్నప్పుడు కొంతకాలం ఆయన కింద పనిచేశాను. ఆ ఏడాది నా రహస్య నివేదికలో ‘నిర్ణయాలు తీసుకోవడంలో జాప్యం చేస్తారు’ అని రాశారు. ఆ ఒక్క వాక్యం వల్ల రెండు ప్యానెళ్లలో నా పేరు దాటిపోయింది. ఆ మాట ఈ ఉత్తర్వు ఇచ్చినవాళ్లకు తెలుసో తెలియదో నాకు తెలియదు.

ఫిర్యాదులో ఉన్నది ఇది. పన్నెండేళ్ల కిందట పెనుకొండ వైపు ఒక పరీక్షా కేంద్రంలో, పదో తరగతి పరీక్షల సమయంలో, ఆ రోజు పేపరుకు బదులు మరుసటి రోజు గణితం పేపరు కట్ట తెరిచారు. ఆ ప్రాంతం పరీక్షలకు ప్రత్యేకాధికారిగా ఉన్న విశ్వనాథం ఈ సంగతిని బోర్డుకు తెలియకుండా దాచారు. కింద సంతకం నాగభూషణం, రిటైర్డ్ స్కూల్ అసిస్టెంటు, హిందూపురం. పేరు లేని అర్జీలను విచారించాల్సిన పనిలేదు. దీనికి పేరూ ఉంది, చిరునామా కూడా ఉంది.

శుక్రవారం ఉదయం ప్యాసింజరు రైల్లో హిందూపురం వెళ్లాను. ఆఫీసు కారు తీసుకోలేదు. కారు కదిలితే ఎక్కడికి వెళ్లానో సాయంత్రానికల్లా నాలుగు ఆఫీసుల్లో తెలుస్తుంది.

నాగభూషణం గారి ఇల్లు మార్కెట్ యార్డు వెనక వీధిలో. గేటు దగ్గర ఎవరితోనో కన్నడంలో మాట్లాడుతున్నారు. నా పేరు, హోదా చెప్పగానే ఆ మాట ఆపి నా వైపు తిరిగారు.

“పన్నెండేండ్ల తర్వాత మా ఇంటికి దారి తెలిసిందా మేడమ్ మీ డిపార్ట్‌మెంటుకు?” అన్నారు.

ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన భార్య రత్నమ్మ మజ్జిగ ఇచ్చి తలుపు దగ్గరే నిలబడింది. ఫిర్యాదు నకలు ఆయన ముందు పెట్టి, సంతకం మీదేనా అని అడిగాను. తనదేనన్నారు. రాసింది నిజమేనా అని అడిగాను. కళ్లద్దాలు పెట్టుకుని మొదటిసారి చదువుతున్నట్టు నెమ్మదిగా చదివారు.

“దాచినాడు అనేది నా మాట కాదు మేడమ్. నేను చెప్పింది ఒగటి, వాళ్లు టైపు కొట్టిచ్చింది ఇంగోటి.”

వాళ్లెవరని అడిగితే, పది రోజుల కిందట ఇద్దరు వచ్చారని, పేర్లు చెప్పలేదని, జరిగిందంతా తన నోట విని, ఇప్పుడైతే పైన వింటారు అని చెప్పి మర్నాడు కాగితం తెచ్చారని చెప్పారు. మరి చదవకుండా సంతకం ఎందుకు పెట్టారన్నాను.

“ఇన్నేండ్లుగా ఒగరన్నా వచ్చి, ఏమయ్యా ఆ పొద్దు ఏం జరిగింది అని అడగలేదు. అడిగినోళ్లకు పెట్టినా.”

అప్పుడు ఆయన చెప్పింది రాసుకున్నాను. పదో తరగతి పేపర్లు పోలీస్ స్టేషన్లో సీలు వేసిన పెట్టెల్లో ఉంటాయి. ప్రతి పరీక్ష రోజూ ఉదయం కస్టోడియన్ అనే అధికారి పెట్టె తీసి, ఆ రోజు కట్టను రిజిస్టరులో రాసి, పరీక్షా కేంద్రం చీఫ్ సూపరింటెండెంటుకు, డిపార్ట్‌మెంటల్ ఆఫీసరుకు అప్పగిస్తాడు. ముగ్గురూ సంతకాలు చేస్తారు. ఆ కేంద్రానికి నాగభూషణం డిపార్ట్‌మెంటల్ ఆఫీసరు. ఆ ఉదయం కస్టోడియన్ సెలవులో ఉంటే ప్రత్యేకాధికారి విశ్వనాథమే స్టేషనుకు వచ్చి కట్టలు ఇచ్చారు. కేంద్రంలో తొమ్మిదింబావుకు నాగభూషణం కట్ట తెరిచాక, పక్కనున్న ఇన్విజిలేటరు పేపరు చూసి, ఇది రేపటిది కదా అన్నాడు. పిల్లలకు పంచలేదు. బోర్డు ఆ ప్రాంతమంతా మర్నాటి పరీక్షకు ప్రత్యామ్నాయ పేపరు వాడాల్సి వచ్చింది. తర్వాత విచారణ జరిగి నాగభూషణానికి అభిశంసన అనే శిక్ష వేసి, సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశారు. ఆ వాక్యం అక్కడ ఉన్నంతకాలం ప్రధానోపాధ్యాయుల ప్యానెల్‌లోకి ఆయన పేరు రాలేదు.

“కట్ట మీద సబ్జెక్టు కోడు చూసుకోకుండా సంతకం పెట్టినా. అది నా తప్పే, కాదనను,” అన్నారు. “ఇచ్చినాయన కూడా చూడలేదు గదా. ఆ తప్పు యాడికి పోయింది మేడమ్?”

వాంగ్మూలం చదివి వినిపించి సంతకం తీసుకున్నాను. లేవబోతుంటే రత్నమ్మ అడిగింది. “ఇది మళ్లా తిరిగి ఈయప్ప మీదికే వస్తాదా అమ్మా?” తప్పుడు ఫిర్యాదు అని తేలితే రిటైరైన ఉద్యోగి మీద కూడా చర్య తీసుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు. రాదని చెప్పే అధికారం నాకు లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తానని మాత్రం అన్నాను. ఆ జవాబు ఆమెకు సరిపోలేదని ముఖంలోనే తెలిసింది.

శనివారం పెనుకొండలో దిగాను. పాత పరీక్షల రికార్డులు మామూలుగా కొన్నేళ్లకు చింపేస్తారు. కానీ శిక్ష పడిన కేసు తాలూకు కాగితాలు ఉంచాలి. అందుకే ఆ మూలకాగితాలు దొరుకుతాయని నా ఆశ. అక్కడి విద్యాశాఖ ఆఫీసు రికార్డు గదిలో సీనియర్ అసిస్టెంటు లలితమ్మ, నేను, రెండు గంటలు దుమ్ములో వెతికాం. రేకుల కప్పు కింద ఉక్కపోస్తోంది. పన్నెండు దాటుతుండగా ఆమె బీరువా అడుగు నుంచి ఒక కట్ట లాగి, ముడి విప్పి నా ముందు పెట్టింది.

మొదట కనిపించింది విశ్వనాథం గారు ఆ రోజే పంపిన రిపోర్టు. కట్ట తెరిచిన అరగంటలోపే జిల్లాకూ బోర్డుకూ సమాచారం ఇచ్చారు. అందినట్టు బోర్డు ముద్ర, టైము ఉన్నాయి. అంటే దాచారన్న ఆరోపణ పూర్తిగా అబద్ధం. నా విచారణ అక్కడితో ముగిసినట్టే. ‘ఆరోపణ రుజువు కాలేదు’ అని నాలుగు వాక్యాలు రాస్తే ఎవరూ తప్పుపట్టలేరు.

తర్వాతి కాగితం పోలీస్ స్టేషను రిజిస్టరులోని పేజీ. ఆ తేదీన ఆ కేంద్రానికి ఇచ్చిన కట్ట కోడు గణితానిదే. ఇచ్చినవారి గడిలో విశ్వనాథం గారి సంతకం. మళ్లీ ఆయన రిపోర్టు తీసి చదివాను. ‘డిపార్ట్‌మెంటల్ ఆఫీసరు పొరపాటున మరుసటి రోజు కట్ట తెరిచారు’ అని ఉంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఉండాల్సిన వాక్యం ఒకటి లేదు. కట్ట ఇచ్చింది ఎవరో ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. అప్పట్లో విచారణ చేసినవాళ్లు ఆ పేజీని ఫైల్లో పెట్టారు గాని, దాని గురించి ఒక్క ప్రశ్న వేయలేదు.

లలితమ్మ నా భుజం మీదుగా ఆ పేజీ చూసింది. “ఇది ఇప్పటిదాంకా ఎవురూ చూళ్లేదా మేడమ్?” అంది. రెండు కాగితాలకూ ధ్రువీకరించిన నకళ్లు తీయించి, అసలు కట్ట ఆమె చేతనే మళ్లీ కట్టించి, బీరువాకు సీలు వేయించాను.

స్టేషన్లో ధర్మవరం రైలు కోసం కూర్చుంటే ఫోను మోగింది. ఉద్యోగ సంఘంలో పెద్ద పదవిలో ఉన్న ఒకాయన. శాఖలో అందరికీ తెలిసిన మనిషి, ప్యానెల్‌లో రెండో పేరున్న అధికారికి దగ్గరివాడు. నేను పెనుకొండలో ఉన్నానని ఆయనకు అప్పటికే తెలుసు. ఆరోగ్యం, ఎండలు అడిగి, అసలు మాటకు వచ్చారు.

“మిమ్మల్ని తప్పు రాయమని ఎవురూ అడగడంలా మేడమ్. పాత రికార్డులు, దొరకడం కష్టం, పదైదు దినాలు టైం కావల్లని ఒగ లెటర్ పెట్టండి. అంతే. ఆయప్ప మీకు చేసింది మాకు తెలీదా?”

నేను విచారణలో ఉన్న విషయం ఫోన్లో మాట్లాడనని చెప్పి పెట్టేశాను. బెదిరింపు లేదు, ఆశ చూపడం కూడా లేదు. గడువు అడగడం విచారణాధికారి హక్కు. ఆ లెటర్ పెడితే నా మీద చిన్న మాట కూడా రాదు. రెండు ప్యానెళ్లు పోగొట్టుకున్న నేను ఆయనకు ఒకటి పోగొట్టినట్టవుతుంది. రైల్లో కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. రిజిస్టరు పేజీ గురించి రాసినా ఫలితం అదే. నన్ను రాయమంటున్నది నిజమో, నా పాత కోపమో నాకే తెలియలేదు.

ప్రాథమిక విచారణలో ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారిని అడిగి తీరాలన్న నియమం లేదు. అయినా ఆదివారం ఉదయం విశ్వనాథం గారికి ఫోను చేశాను. రిజిస్టరులో చూసింది చెప్పి, ఆయన అనేది ఏమైనా ఉంటే రిపోర్టులో చేరుస్తానన్నాను. ప్రశ్న రాతలో పంపమన్నారు, జవాబు కూడా రాతలోనే ఇస్తానన్నారు. ఫోను పెట్టేముందు ఒక మాట అన్నారు.

“మీకు నా మీద కోపం ఉండటానికి కారణం ఉందమ్మా. అది మీ రిపోర్టులోకి రాకుండా చూసుకోండి.”

ప్రశ్న పంపాను. రెండు గంటల్లో మెయిల్లో జవాబు వచ్చింది. సంతకం చేసి స్కాన్ తీసిన కాగితం, మూడు వాక్యాలు. ‘సదరు కట్టను నేనే ఇచ్చాను. ఆనాటి నా రిపోర్టులో ఆ సంగతి పేర్కొనలేదు. దీనికి నేను ఇవ్వగల సంజాయిషీ లేదు.’

ఇంకో మనిషైతే కస్టోడియన్ లేనందున హడావిడి జరిగిందనో, కోడు చూసుకోవడం తీసుకున్నవాళ్ల బాధ్యతనో రాసేవారు. రెండూ నిజాలే. ఆయన ఏదీ రాయలేదు.

మధ్యాహ్నానికి నివేదిక పూర్తి చేశాను. టైపు కూడా నేనే చేసుకున్నాను. మొదటి పేరాలోనే, విశ్వనాథం గారు గతంలో నా రహస్య నివేదికలో ప్రతికూల వ్యాఖ్య రాశారని, దాని వల్ల నా పదోన్నతి ఆలస్యమైందని, ఈ నివేదికను ఆ సంగతి తెలిసి చదవాలని రాశాను. ఆ పేరా చూసి మొత్తం నివేదికను పక్కన పడేసే అవకాశం ఉందని తెలుసు. అది లేకుండా పంపడం నాకు చేతకాలేదు. తర్వాత, సమాచారం దాచారన్న ఆరోపణ రుజువు కాలేదని, సంతకం చేసిన ఫిర్యాదుదారు కూడా ఆ ఆరోపణ చేయలేదని, ఆయన చెప్పని మాటను ఎవరో టైపు చేయించారని రాశాను. చివర, ఉత్తర్వులో అడగకపోయినా రికార్డులో కనిపించినందున చెబుతున్నానంటూ, తప్పు కట్ట ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ బాధ్యత ఉందని, శిక్ష ఒకరికే పడిందని రాసి, పేజీ నకలు, మూడు వాక్యాల జవాబు జతచేశాను. సోమవారం ఉదయం నేనే పుట్టపర్తి వెళ్లి ఇచ్చాను. పదకొండుకు ముందే పైకి వెళ్లిపోయింది.

కమిటీలో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసినంతవరకే చెబుతాను. పాత తగాదా ఉన్న అధికారికి విచారణ ఎందుకిచ్చారని ఒక సభ్యుడు అడిగారట. ఆమే ఆ మాట చెప్పింది కదా అని ఇంకొకరు అన్నారట. మూడు వాక్యాల జవాబు చదివాక ఆ చర్చ ఆగిపోయింది. విశ్వనాథం గారి పేరును సిఫారసు చేయలేదు. రెండో పేరునూ చేయలేదు. ఫిర్యాదు ఎవరు టైపు చేయించారో తేలేవరకు ఎవరినీ పంపలేమని ప్యానెల్ మొత్తాన్ని వెనక్కి పంపారు. ప్రభుత్వం ఒక అఖిల భారత సర్వీసు అధికారికి అదనపు బాధ్యతలు అప్పగించింది. శాఖవాళ్లకు ఆ కుర్చీ ఆ తర్వాత దక్కలేదు. దానికి కారణం నేనేనని నా తోటివాళ్లు చాలామంది ఇప్పటికీ అంటారు. సంఘం మీటింగుల్లో నా పక్క కుర్చీ కొన్నాళ్లు ఖాళీగా ఉండేది.

విశ్వనాథం గారు జాయింట్ డైరెక్టరుగానే రిటైరయ్యారు. దానికి ముందు, పాత కేసును తిరిగి చూడమని తన సంతకంతో డైరెక్టరుకు లేఖ రాశారు. ఆ లేఖను, నా నివేదికను కలిపి చూసి నాగభూషణం గారి అభిశంసనను రద్దు చేశారు. ఉత్తర్వు ప్రతి ఇవ్వడానికి హిందూపురం వెళ్లాను. రత్నమ్మ ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివించుకుంది. ఆయన మాత్రం దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

“హెడ్మాస్టరుగా ఒక దినమన్నా సంతకం పెట్టల్లని ఉండె మేడమ్. అది ఇంగ కాదులెండి,” అన్నారు. నన్ను నిందించినట్టు అనలేదు. ఉన్న సంగతి చెప్పారు.

పై పదవికి మనిషిని ఎంచేది కమిటీ అని పుస్తకాల్లో ఉంటుంది. కమిటీ ముందుకు ఏ కాగితం వెళ్తుంది, ఏది వెళ్లదు, ఏది ఆలస్యంగా వెళ్తుంది అన్నది కింది ఆఫీసుల్లో తేలిపోతుందని ఆ ఐదు రోజుల్లో చూశాను. అక్కడ అబద్ధం రాయనక్కర్లేదు. ఒక వాక్యం వదిలేసినా, పదిహేను రోజులు అడిగినా సరిపోతుంది. రిటైరయ్యాక కొత్త మండల విద్యాధికారుల శిక్షణకు నన్ను రెండుసార్లు పిలిచారు. వాళ్లకు నేను చెప్పింది ఇంతే. విచారణ ఉత్తర్వులో ఆరోపణను వేరేవాళ్లు రాస్తారు, గడువును కూడా వేరేవాళ్లే రాస్తారు. కనిపించినదంతా రాసి సకాలంలో పంపడం ఒక్కటే మన చేతిలో ఉంటుంది. దాని తర్వాత ఎవరికి ఏం దక్కుతుందన్నది మన చేతిలో ఉండదు.